డాక్టరు చెప్పిన మాట

ఫిలొమేనా పీపా మీదికి వంగి ఒక్కసారి వాసన చూసింది. రెండోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది. నల్ల శాలువా అంచుతో ముక్కు తుడుచుకుని గ్లాసు కోసం చెయ్యి చాచింది.

కోడలు అసుంతా గ్లాసు అందించింది. కొడుకు రొక్కో పీపా అడుగున అప్పుడే బిగించిన చెక్క కొళాయి తిప్పాడు. ఎర్రటి వైన్ సన్నని ధార కట్టింది. రంగులో ఏ లోపమూ లేదు. ముసలావిడ ఒక గుక్క నోట్లో పోసుకుని, మొహం చిట్లించి, నేల మీద ఉమ్మేసింది.

"వెనిగర్," అంది.

బొగ్గుల బకెట్టుతో దిగుతున్న డాక్టర్ పద్మనాభం సెల్లార్ మెట్ల మీదే ఆగిపోయాడు.

బెడ్‌ఫర్డ్‌లో ఆ వీధి వీధంతా ఇటుక బట్టీల్లో పనిచెయ్యడానికి వచ్చిన ఇటాలియన్లదే. వాళ్ళలో లైసెన్సు తీసుకుని, దాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుని, సొంతంగా వైన్ తయారు చేసి అమ్మేది మాత్రం ఈ ఒక్క కుటుంబమే. ప్రతి అక్టోబరులో నేపుల్స్ అవతలి కొండల నుంచి లారీలో నల్ల ద్రాక్ష పెట్టెలు దిగుతాయి. తొక్కడం, పులియబెట్టడం, పిండడం, పీపాలకెత్తడం అంతా ఇంటి కింద ఉన్న ఈ సెల్లార్‌లోనే. చర్చికీ, రెండు కేఫులకీ, ఇటాలియన్ల పెళ్ళిళ్ళకీ ఇక్కడి వైనే వెళుతుంది. భర్త పోయాక ఫిలొమేనాయే అన్నీ చూసుకుంటోంది. వీధిలో పిల్లా పెద్దా ఆవిడని నోన్నా అంటారు, అంటే మన మామ్మగారన్నమాట. పై అంతస్తులో రెండు గదుల ఫ్లాట్‌లో పద్మనాభం, ఆయన భార్య శాంత నాలుగేళ్ళ నుంచీ అద్దెకి ఉంటున్నారు. వాళ్ళ బొగ్గులు ఉండేది కూడా ఈ సెల్లార్ మూలనే, ఆరో పీపా వెనకాల. ఇప్పుడు వైన్ విరిగి పుల్లబడింది ఆ ఆరో పీపాలోనే.

మార్చి నెల. తపాలా సమ్మె ముగిసి వారమైంది. వైన్‌ని ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి మార్చడం చంద్రుడు తరిగే రోజుల్లోనే చెయ్యాలని ఫిలొమేనా పట్టుదల. పౌర్ణమి ఎప్పుడు దాటుతుందో పైకి వచ్చి శాంత పంచాంగంలో చూపించుకుని వెళ్ళింది. ఆదివారం చర్చి నుంచి రాగానే ముగ్గురూ కిందికి దిగారు. అయిదు పీపాలు బాగున్నాయి. ఆరోది ఈస్టరుకి చర్చివాళ్ళ విందు కోసం అట్టేపెట్టినది, అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా మంచి ద్రాక్షది.

వెంబ్లీలో తెలుగు డాక్టర్లు కలిసినప్పుడల్లా చేతిలో ఆరెంజ్ స్క్వాష్ గ్లాసుతో కనిపించే మనిషి పద్మనాభం. విస్కీ గ్లాసులు పట్టుకున్న మగవాళ్ళని వాళ్ళ భార్యలు ఆయన్ని చూపించే దెప్పేవాళ్ళు. ఆయన కాస్త సిగ్గుపడి, ఇష్టంలేనట్టు మొహంపెట్టి, ఆ పొగడ్తని పూర్తిగా పుచ్చుకునేవాడు. అటువంటి పెద్దమనిషి నవంబరు నుంచీ ప్రతి ఆదివారం, ఇటాలియన్లు చర్చిలో మోకరిల్లిన వేళ చూసుకుని, బొగ్గుల కోసమని దిగి ఆరో పీపాలోంచి రెండేసి కప్పుల వైన్ తాగుతున్నాడు. రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీలిస్తే పని సులువే, కానీ పీపా అంతా ఎంగిలవుతుంది. దొంగిలించడానికి అడ్డురాని ఆచారం ఎంగిలి దగ్గరికి వచ్చేసరికి అడ్డొచ్చింది. అందుకని ఆస్పత్రి నుంచి పెద్ద గాజు సిరంజి తెచ్చుకుని, మరగబెట్టి, దాంతో గొట్టంలోకి లాగేవాడు. తాగాక పీపా నెత్తిన బిరడా మళ్ళీ పెట్టాలి. గుడ్డ చుట్టి చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తేనే ఆ బిరడా బిగుస్తుంది. ఆ చప్పుడు పైన శాంతకి వినిపిస్తుందని భయం. బొటనవేలితో నొక్కి వదిలేసేవాడు. ఇన్‌ఫెక్షన్ రాకూడదని సిరంజి మరగబెట్టిన డాక్టరుకి పీపాలోకి గాలి పోతుందన్న ఆలోచన రాలేదు.

ముసలావిడ, కోడలు వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అనుకున్నారు. ముసలావిడ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. అసుంతా తల దించుకుని అవునన్నట్టు ఊపింది. అబద్ధమాడటం ఆ పిల్లకి చేతకాదు. ఫిలొమేనా పైకి చూసి, మెట్ల మీద ఉన్న డాక్టరు కోసం వచ్చీరాని ఇంగ్లీషులో తీర్పు చెప్పింది.

"జనవరిలో నాకు ఫ్లూ. పీపాల్లో తగ్గిన వైన్ నింపడానికి ఇది దిగింది. ఆ రోజుల్లో. బయట ఉన్న రోజుల్లో. చెప్పలేదు నాకు. వైన్ చచ్చిపోయింది."

"బిరడా వదులుగా ఉంది," అంది అసుంతా. "నేను సుత్తితో కొట్టాను. నాలుగు దెబ్బలు. నాకు గుర్తుంది. ఇప్పుడు చేత్తో లాగితే ఊడొచ్చింది. చూడండి."

ఆమె బిరడాని అరచేతిలో పెట్టుకుని చాచింది. రొక్కో దాన్ని చూడకుండా సిగరెట్టు వెలిగించుకున్నాడు. భార్య నెలసరి సంగతి పరాయి మగవాడి ముందు వచ్చినందుకు అతని చెవులు ఎర్రబడ్డాయి.

అసుంతా మెట్ల వైపు తిరిగింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ద్రాక్ష తొక్కలు ఎత్తీ ఎత్తీ మోచేతుల దాకా ఊదారంగు మరకలు. "డాక్టర్," అంది. "మీరు చదువుకున్నవాళ్ళు. మీరు చెప్పండి. అది నిజమా? ఆడదాని రక్తానికి వైన్ విరుగుతుందా?"

ఆమె మొహంలో భయం లేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడుగుతున్న ధీమా ఉంది. అంత చదువు చదివిన మనిషి ఇంకేమంటాడు!

కాదు అంటే చాలు. కానీ కాదంటే మరి దేనికి విరిగిందని అడుగుతారు. అప్పుడు బిరడా వైపు చూస్తారు. బిరడా ఎవరు తీశారని అడుగుతారు. సెల్లార్‌లోకి దిగేది ఈ ముగ్గురూ కాక ఇంకెవరు? పద్మనాభం గొంతు సవరించుకున్నాడు.

"మా దేశంలోనూ అలాగే అంటారు," అన్నాడు.

అబద్ధం కాదు. మాటకి మాట నిజమే. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

ఫిలొమేనా చప్పట్లు చరిచింది. "విన్నావా! ఇండియాలో కూడా! డాక్టరు చెబుతున్నాడు!"

అసుంతా ఇంకా ఆయన వైపే చూస్తోంది. కాసేపటికి బిరడాని పీపా మీద పెట్టి, చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని, ఆయన్ని దాటుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. పద్మనాభం కిందికి దిగి బకెట్టు నిండా బొగ్గులు ఎత్తుకున్నాడు. తొందరలో సగం బొగ్గులు కింద పడ్డాయి. రొక్కో వంగి ఏరి పెట్టాడు.

*

సోమవారం పొద్దున్న ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే ఫిలొమేనా ఆయాసపడుతూ పైకి వచ్చింది. చేతిలో సోంపు వేసి చేసిన బిస్కెట్ల ప్లేటు.

"నీ ఆస్పత్రిలో లాండ్రీ ఉంది కదా, అందులో ఆడవాళ్ళు కావాలని విన్నాను. అసుంతాకి నువ్వు ఒక మాట చెప్పు."

"సెల్లార్‌లో పనో?" అన్నాడు పద్మనాభం, బూట్ల లేసు కట్టుకుంటూ తల ఎత్తకుండా.

"ఇంక లేదు." ముసలావిడ కుర్చీలో కూలబడింది. ఆవిడకీ సంతోషంగా లేదు. "ఈస్టరుకి సెల్లార్ దాని చేతిలో పెట్టేద్దామనుకున్నాను డాక్టర్. రొక్కోకి ఏం తెలుసు? ఇటుకలు తెలుసు. మిల్టన్ కీన్స్‌లో కొత్త ఊరు కడుతున్నారట, పగలూ రాత్రీ ఇటుకలే. దీనికి మాత్రం ముక్కుంది. వాళ్ళ తాత ముక్కు. ద్రాక్షపెట్టె మూత తియ్యకముందే లోపల కుళ్ళింది ఉందని చెబుతుంది. కానీ కడుపులో అబద్ధం దాచి వైన్ దగ్గరికి వచ్చింది. దానికి సెల్లార్ ఎలా ఇస్తాను? పీటర్‌బరోలో నా చెల్లెలి కొడుకున్నాడు. వాణ్ణి రమ్మంటాను."

"జనవరిలో మీకు జ్వరం. ఇంకెవరు దిగుతారు?" అన్నాడు ఆయన.

"పీపాలు నాలుగు రోజులు ఆగుతాయి," అంది ఆవిడ. "నువ్వు చెప్పినట్టు, మీ దేశంలో అయితే ఆగేవాళ్ళు కదా?"

ఆయన లేసు ముడి రెండోసారి విప్పి కట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి లాండ్రీ సూపర్‌వైజరుతో మాట్లాడాడు. ఎన్నడూ ఎవరికోసమూ ఇంత తొందరగా ఏ పనీ చేసిపెట్టలేదు. మంచి అమ్మాయి, కష్టపడుతుంది, నిజాయితీ గలది అని చెప్పాడు. నిజాయితీ అన్నప్పుడు నాలుక తడబడింది. సూపర్‌వైజరు అదేమీ పట్టించుకోకుండా బుధవారం నుంచి రమ్మంది.

గురువారం పొద్దున్న రౌండ్స్ ముగించుకుని వస్తుంటే కింది అంతస్తు కారిడార్‌లో అసుంతా ఎదురైంది. ఆకుపచ్చ ఓవరాల్, తలకి గుడ్డ. కాన్పుల వార్డు నుంచి, ఆపరేషన్ థియేటర్ల నుంచి వచ్చిన దుప్పట్ల బండి తోసుకొస్తోంది. రక్తం మరకలున్నవి ఒక సంచీలో, లేనివి ఒక సంచీలో వేరు చెయ్యడం ఆమె పని. ఆమెతో పాటు ఉన్న ఐరిష్ ఆవిడ ముక్కు మూసుకుని ఏదో హాస్యమాడుతోంది.

"గుడ్ మార్నింగ్, డాక్టర్," అంది అసుంతా.

"ఎలా ఉంది పని?"

"పని బాగానే ఉంది." బండి ఆపి గోడవారకి జరిగింది, ఆయన పోవడానికి దారి ఇస్తూ. "ఇక్కడ ఎవరూ ఏ రోజులని అడగరు."

ఆయన నవ్వబోయి, అది నవ్వాల్సిన మాట కాదని తెలిసి, తలూపి ముందుకి నడిచాడు. వార్డులో ఆ రోజు ఒక పేషెంటు చార్టు ఇంకొకరి మంచానికి తగిలించి సిస్టరు చేత చెప్పించుకున్నాడు. పదిహేనేళ్ళ సర్వీసులో ఆయనకి అలాంటిది జరగలేదు.

*

శుక్రవారం ఆయనకి సెలవు. మధ్యాహ్నం శాంత కంచం పెట్టి పప్పూ అన్నం వడ్డించింది. గుంటూరులో ఉన్నప్పటి మడీ దడీ ఈ దేశం వచ్చాక ఒక్కొక్కటే రాలిపోయాయి. వంట చేసేందుకు మరో మనిషి లేని చోట మూడు రోజులు మూల కూర్చోవడం కుదరదని మొదటి నెలలోనే తేలిపోయింది. మిగిలింది ఒక్కటే, ఆవకాయ జాడీ. ఆ మూడు రోజులూ దాన్ని శాంత ముట్టుకోదు. పద్మనాభమే లేచి చెయ్యి కడుక్కుని, చెంచాతో తీసుకుని, మూత పెట్టి వస్తాడు. ఆ రోజు శాంతకి రెండో రోజు. ఆయన అలవాటుగా లేచాడు.

"మీరు కూర్చోండి, నేను వేస్తా," అంది శాంత.

"అదేంటి, నువ్వు..."

"ఆఁ. అయినా వేస్తా."

జాడీ తెచ్చి, వాసెన విప్పి, ముక్క తీసి ఆయన కంచంలో వేసింది. ఆయన ఆ ముక్క వైపు, ఆవిడ వైపు చూశాడు.

"అట్లా చూస్తారేంటండీ? నాలుగేళ్ళ నుంచీ ముట్టుకుంటానే ఉన్నా. మీరు నైట్ డ్యూటీ చేసేటప్పుడు ఎవరు తీసిపెడతారు నాకు? మొదటిసారి చాలా భయమేసింది. వారం రోజులు పొద్దున లేవగానే వాసన చూసుకున్నా బూజు పట్టిందేమోనని. ఏం కాలా. అప్పట్నుంచీ మీరు లేనప్పుడు నేనే తీసుకుంటున్నా."

"నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశా." శాంత జాడీకి వాసెన కడుతూ అంది. "పెళ్ళయి వచ్చిన కొత్తలో. మీరు డాక్టరు కదా, ఇదంతా ఉత్తిదే శాంతా, ముట్టుకో, ఏం కాదు అంటారేమో అనుకున్నా. మీరు గబగబా లేచి వెళ్ళి మీరే వేసుకొచ్చుకున్నారు. ఇంక నేనేం మాట్లాడను?"

ఆయన అన్నం కలపడం ఆపేశాడు.

"మొన్న కింద మామ్మగారు చెప్పింది," అంది శాంత. "మీరూ అన్నారటగా, మా దేశంలోనూ అంతేనని. వీధిలో అందరికీ చెప్తోంది. డాక్టరు గారే అన్నారు, డాక్టరు గారే అన్నారు అని. ఎందుకన్నారండీ ఆ మాట?"

"అలా అంటారు కదా మనవాళ్ళు..."

"మనవాళ్ళు ఏమంటారని ఆ పిల్ల అడగలేదుగా. అది ఏడిస్తే బాగుండు. ఏడవట్లా. పొద్దున మెట్లు కడుగుతుంటే పలకరించా. సెల్లార్ తలుపు దాకా కడిగి, అక్కడ ఆపేసి వచ్చేసింది."

శాంత గొంతులో నిష్ఠూరం కూడా లేదు. అప్పుడప్పుడూ ఆవిడ నిష్ఠూరంగా మాట్లాడితే ఆయనకి విసుక్కునే వీలుండేది. ఇప్పుడు విసుక్కోవడానికి ఏమీ దొరకలేదు. ఆదివారాల సంగతి ఆవిడకి తెలియదు. తెలియకుండానే ఇంత అన్నది.

ఆ సాయంత్రం ఆయన సిరంజిని న్యూస్‌పేపర్లో చుట్టి, నాలుగు వీధులవతల ఉన్న చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు. వచ్చాక ఏమైనా తేలికపడిందా అంటే అదీ లేదు.

*

శనివారం మధ్యాహ్నం కింద వంటింట్లో ముగ్గురూ ఉన్నారు. పొయ్యి మీద టమాటా రసం ఉడుకుతోంది. అసుంతా సన్నగా చాపిన పిండిని కత్తితో రిబ్బన్లలా కోస్తోంది. పద్మనాభం తలుపు కొట్టి, కోటూ టైతో, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మెట్లు దిగిన తీరు చూసి ఏదో అయిందనుకుని శాంత కూడా వెనకాలే వచ్చింది. ఆవిడ్ని వెనక్కి పొమ్మనాలని ఆయనకి ఎంతో అనిపించింది. అనలేదు.

"నోన్నా, ఆ పీపా బిరడా తీసింది నేను," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ఆదివారాలు, చర్చి వేళ, రబ్బరు గొట్టం, సిరంజి, సుత్తితో కొట్టకుండా వదిలెయ్యడం. చెబుతున్నంతసేపూ గోడ మీది లైసెన్సు కాగితాన్నే చూశాడు. వెనక శాంత గాజుల చప్పుడు ఒకసారి వినిపించింది, మళ్ళీ వినిపించలేదు.

"నువ్వా?" అంది ఫిలొమేనా. "జ్యూస్ తాగే డాక్టరువా?"

ఆపైన ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది. శాలువాతో కళ్ళు తుడుచుకుంది. రొక్కో కూడా నవ్వి, లేచి వచ్చి డాక్టరు వీపు మీద ఒకటి చరిచాడు.

"సిరంజితో! విన్నావా అమ్మా, సిరంజితో!"

"అడిగితే ఇచ్చేదాన్ని కదా పిచ్చివాడా," అంది ముసలావిడ. "చలి దేశం. మగవాడివి. మా ఆయన కూడా బతికున్నన్నాళ్ళూ నాకు తెలియకుండా తాగేవాడు. పోతే పోయింది ఒక పీపా. కూర్చో. అసుంతా, డాక్టరుకి గ్లాసు."

అంతే. ఆయన వారం రోజులు నిద్ర లేకుండా భయపడ్డ తప్పు రెండు నిమిషాల్లో ఇంటిల్లిపాదికీ వేడుకైపోయింది. చెయ్యని తప్పుకి వారమంతా మాటపడ్డ ఆ పిల్లకి మాత్రం ఎవరూ కుర్చీ వెయ్యలేదు. పద్మనాభం కూర్చోలేదు.

అసుంతా కత్తి పక్కన పెట్టి, చేతుల పిండి దులుపుకుని, గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. "అయితే రేపు నేను కిందికి వెళ్ళొచ్చు," అంది అత్తతో, ఇంగ్లీషులోనే, అందరూ వినాలన్నట్టు.

"వెళ్ళు. పాపం, ఈ పీపా నీ తప్పు కాదు," అంది ఫిలొమేనా. "కానీ ఆ అయిదు రోజులూ తాళం నా దగ్గర. అది మారదు."

"అక్టోబరులో ద్రాక్ష పులిసేటప్పుడు ఆ అయిదు రోజులు వస్తే? రోజుకి మూడుసార్లు పైకి తేలిన తొక్కలు కిందికి తొయ్యాలి. ఎవరు తోస్తారు?"

"అందుకే పీటర్‌బరో నుంచి వాణ్ణి రమ్మన్నాను. నువ్వు వాడికి సాయం చెయ్యి. సెల్లార్ వాడిది."

"అత్తా, పీపా చెడిపోయింది నావల్ల కాదు కదా!"

"ఈ ఒక్కసారికి కాదు. డాక్టరే చెప్పాడు, ఇండియాలో కూడా అంతే."

అప్పుడు పద్మనాభం కదిలాడు. "నోన్నా, అది నిజం కాదు. నేను ఆ రోజు చెప్పింది తప్పు. వైన్ విరిగేది గాలి తగిలి. ఆడవాళ్ళ నెలసరికీ దానికీ ఏ సంబంధమూ లేదు. నేను డాక్టరుని, చెబుతున్నాను, వినండి. పైన మా ఆవిడ నాలుగేళ్ళుగా..." శాంత వైపు తిరిగాడు. శాంత తల ఊపింది.

ఫిలొమేనా ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు వెచ్చగా, గరుగ్గా ఉన్నాయి. బడిపిల్లాణ్ణి సముదాయించినట్టు మెల్లగా తట్టింది.

"నువ్వు మంచివాడివి," అంది. "దీన్ని చూసి నీ మనసు కరిగింది. తప్పు చేసినవాడు ఎదుటివాళ్ళకి నచ్చేదే చెబుతాడు, నాకు తెలియదా? ఆ ఆదివారం నీకు ఎవరి మీదా జాలి లేదు. అప్పుడు డాక్టరులా చెప్పావు. నేను అదే నమ్ముతాను."

"అప్పుడు భయపడి చెప్పాను!"

"సరే, సరే," అని ఆవిడ లేచి పొయ్యి మీది గిన్నె కలపడానికి వెళ్ళింది. ఆవిడ దృష్టిలో ఆ విషయం అక్కడితో అయిపోయింది. రొక్కో గ్లాసులో వైన్ పోసి ఆయన ముందుకి జరిపాడు.

శాంత పమిట సర్దుకుంది. "పైకి వస్తారా?" అని తెలుగులో అడిగి, జవాబు కోసం చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆయన అసుంతా దగ్గరికి వెళ్ళాడు. ఆమె మళ్ళీ కత్తి తీసుకుని పిండి కోస్తోంది. ఒక్కో రిబ్బన్ ఒకే వెడల్పున వస్తోంది.

"అసుంతా, నేను..."

"మీరు ఇవాళ రానక్కర్లేకపోయింది డాక్టర్," అంది ఆమె, కత్తి ఆపకుండా, అత్తకి వినిపించనంత మెల్లగా. "ఆ దొంగతనం మీరు జన్మంతా దాచుకున్నా నాకేం అభ్యంతరం లేదు. పీపా ఎలా చెడిందో నాకు తెలియదు అనేస్తే సరిపోయేది. ఆ రోజు నేను అడిగినదానికి ఒక్క ముక్క, కాదు అని ఉంటే నాకు చాలు."

ఆ రోజు మెట్ల మీద ఎంత వెతికినా ఆ దారి ఆయనకి తోచనే లేదు. పక్కనే ఉంది, తెరిచే ఉంది. క్షమించమని అడుగుదామనుకున్నాడు. అడగడానికి మొహం చెల్లలేదు.